కటారా వేషం

అమెరికాలో అక్టోబరు ఆఖరు రోజున పిల్లలు రకరకాల వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరుగుతారు. హాలోవీన్ అంటారు. ఒక ఏడు ఆ పండగ దగ్గర పడుతుండగా ఫిలడెల్ఫియా ప్రాంతంలో ఒక ఇంటి పాప తనకు కటారా వేషం కావాలని అడిగింది. కటారా ఎవరో వాళ్ల నాన్నకు తెలియదు. అదేమిటో చూద్దామని పిల్లలతో కలిసి టీవీ ముందు కూర్చున్నాడు. చూస్తూ చూస్తూ ఆ కథలో పడిపోయాడు. ఆయన సినిమా దర్శకుడు. ఈ ముచ్చట తర్వాత ఆయనే ఇంటర్వ్యూల్లో మురిపెంగా చెప్పుకున్నాడు.

కటారా ఒక బొమ్మల సీరియల్లోని పిల్ల. పద్నాలుగేళ్లది. దక్షిణ ధ్రువపు మంచులో పుట్టింది. చేతులు అలా తిప్పితే నీళ్లు ఆమె మాట వింటాయి. యుద్ధం తల్లిని పొట్టన పెట్టుకుంది. మెడలో ఉన్న నీలిరంగు పతకం ఆ తల్లిదే. పొడుగాటి జడ, నీలికళ్లు, చామనఛాయ. పెళ్లిచూపులప్పుడు మన ఇళ్లలో కాస్త గొంతు తగ్గించి చెప్పే రంగు అది. ఆ ఇంటాయనదీ అదే రంగు.

పాప అడిగిన వేషం అది. కొన్నేళ్లకు తండ్రి ఆ కథనే 15 కోట్ల డాలర్ల ఖర్చుతో సినిమాగా తీశాడు. అందులో కటారా వేషం ఒక తెల్లమ్మాయికి దక్కింది.

ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఎవరో పరాయివాడు చేసి ఉంటే కోపం వచ్చి పోయేది. ఈయన మనోజ్ నెల్లియట్టు శ్యామలన్. 1970లో మాహేలో పుట్టాడు. మాహే కేరళ తీరాన ఉన్నా పుదుచ్చేరిలో భాగం. కాకినాడ పక్కనున్న మన యానాం కూడా ఆ పుదుచ్చేరిలోదే. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే అమెరికా వెళ్లిపోయాడు, అక్కడే పెరిగాడు. 1999లో 'ది సిక్స్త్ సెన్స్' తీసేనాటికి ఇంకా ముప్ఫై నిండలేదు. ఆ సినిమాకి ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. 2002లో న్యూస్‌వీక్ పత్రిక ముఖచిత్రంగా ఆయన ఫొటో వేసి, రాబోయే స్పీల్‌బర్గ్ ఈయనే అన్నట్టు రాసింది. అప్పట్లో అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకి ఆ ముఖచిత్రం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించగలను. డాక్టరు, ఇంజినీరు కాకుండా మనవాడు ఇంకొకటి కూడా కాగలడని అది చెప్పింది.

ఇక ఆ బొమ్మల కథ సంగతి. 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' 2005 ఫిబ్రవరి 21న నికెలోడియన్ చానల్లో మొదలై 2008 జులై 19న ముగిసింది. మొత్తం 61 భాగాలు. రాసి, గీసి నిలబెట్టినవాళ్లు మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కోనీట్జ్‌కో. ఇద్దరూ తెల్లవాళ్లే. ఆ మాట దాచక్కర్లేదు. కటారాకి, ఆమె అన్న సోకాకి, పన్నెండేళ్ల బాలసన్యాసి ఆంగ్‌కి గొంతు అరువిచ్చినవాళ్లు కూడా తెల్లవాళ్లే. కానీ ఆ ఇద్దరు సృష్టికర్తలు ఎదుటివాళ్ల ఇంట్లోకి వెళ్లేటప్పుడు గుమ్మం బయట చెప్పులు విడిచిన మనుషుల్లా పనిచేశారు. తెలియనిది తెలిసినవాళ్లని అడిగారు. పోరాటాల కోసం సీఫూ కీసు అనే గురువును పెట్టుకున్నారు. నీళ్లను ఆడించేవాళ్లకి తైచీ కదలికలు, మట్టిని లేపేవాళ్లకి హుంగ్ గార్, నిప్పు విసిరేవాళ్లకి ఉత్తర షావోలిన్, గాలిని నడిపేవాళ్లకి బాగువా. ఒక్కో విద్యకి ఒక్కో నిజమైన చైనా యుద్ధకళ. గోడల మీదా ఉత్తరాల్లోనూ కనిపించే చైనా రాతని ఆ లిపిలో చెయ్యి తిరిగిన పండితుడు సివ్-లియుంగ్ లీ రాసిచ్చాడు. బొమ్మలు కదిలింది దక్షిణ కొరియా స్టూడియోల్లో.

మంచుతెగ వాళ్ల బతుకులో ఇన్యూట్ జనం కనిపిస్తారు. గాలి సన్యాసుల్లో టిబెట్ లామాలు కనిపిస్తారు. రెండో సీజన్ చివర్లో పథిక్ అనే ముసలి గురువు వస్తాడు, నల్లగా, సన్నగా, పొడుగాటి తెల్లగడ్డంతో. ఆంగ్‌ని కూర్చోబెట్టి ఏడు చక్రాలు ఒక్కొక్కటే తెరవడం నేర్పుతాడు. అవతార్ అన్న మాటే మనది. అమెరికాలో పెరిగే మన పిల్లలకి బళ్లో తమ పేరు టీచరు నోట సరిగ్గా పలకడమే అపురూపం. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ పెడితే అమ్మమ్మ నోట విన్న మాటలు, నానమ్మ ఊరి దేవుడి గుళ్లో చూసిన ముద్రలు. అలాంటి లోకంలో తెల్లముఖం ఒక్కటీ లేకుండా కథ అరవై ఒక్క భాగాలు నడిచింది. పిల్లలెవరికీ లోటు తోచలేదు, తెల్లపిల్లలకి కూడా.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మాకో ఇవామత్సు. ఆ సీరియల్లో అయిరో అనే ముసలి సేనానికి గొంతు ఇచ్చినాయన. 1933లో జపాన్‌లోని కోబేలో పుట్టాడు. అమెరికా వచ్చి నటుడయ్యాడు. 'ది శాండ్ పెబుల్స్' సినిమాకి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు. అయినా ఆసియా ముఖం ఉన్న నటుడికి హాలీవుడ్‌లో దొరికేవి నౌకరు వేషాలు, యుద్ధంలో చచ్చిపోయే శత్రువు వేషాలు. మంచి ఆసియా వేషం ఉంటే దానికి తెల్లవాళ్లకి రంగు పూసేవారు. 'ది గుడ్ ఎర్త్' అనే 1937 నాటి సినిమాలో చైనా రైతు భార్యగా వేసిన లూయిజ్ రైనర్ తెల్లావిడ, ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. అప్పటికే పేరున్న చైనా అమెరికన్ నటి ఆనా మే వాంగ్‌కి ఆ వేషం ఇవ్వలేదు. ఇదంతా తెలిసిన మాకో, ఇంకొందరు నటులతో కలిసి 1965లో లాస్ ఏంజెలెస్‌లో 'ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్' అనే నాటక సమాజం పెట్టాడు. మాకు వేషాలు ఎవరూ ఇవ్వకపోతే మేమే కట్టుకుంటాం అన్నట్టు.

2006 జులై 21న ఆయన కన్నుమూశాడు. ఆ సెప్టెంబరులో వచ్చిన ఒక భాగంలో అయిరో కథ చిన్న ముక్క ఒకటి ఉంది, కొన్ని నిమిషాలే. అయిరో ఆ రోజంతా ఊళ్లో తిరుగుతాడు. ఏడుస్తున్న పసివాణ్ని పాటపాడి ఊరుకోబెడతాడు. తనని దోచుకోవడానికి వచ్చిన దొంగకి నిలబడే తీరు నేర్పి, ఆపైన టీ కాచి ఇస్తాడు. సాయంత్రానికి ఊరి బయట గుట్టెక్కుతాడు. చెట్టు కింద గుడ్డ పరిచి, యుద్ధంలో పోయిన కొడుకు పటం పెట్టి, అగరొత్తులు వెలిగిస్తాడు. ఆ రోజు కొడుకు పుట్టినరోజు. పొద్దున్న పసివాడికి పాడిన పాటే మళ్లీ ఎత్తుకుంటాడు. గొంతు పూడుకుపోతుంది, పాట సాగదు. దాని చివర తెర మీద ఆ భాగం మాకోకి అంకితమని వేశారు. పిల్లల కార్టూన్ అది. కొడుకు పటం ముందు కూర్చున్న తండ్రిని చూసి ఎన్ని ఇళ్లల్లో పెద్దవాళ్లు లేచి వంటింట్లోకి వెళ్లిపోయి ఉంటారో.

ఆ లోకాన్ని సినిమాగా తీస్తామని 2007 జనవరిలో ప్రకటించారు. పారమౌంట్ వాళ్ల సినిమా, శ్యామలన్ రచన, దర్శకత్వం. అందరూ సంతోషించారు. మన రంగువాడి చేతిలో పడింది, ఇక భయం లేదనుకున్నారు.

2008 డిసెంబరులో నలుగురు ముఖ్య నటుల పేర్లు బయటికొచ్చాయి. ఆంగ్‌గా నోవా రింగర్, కటారాగా నికోలా పెల్ట్జ్, సోకాగా జాక్సన్ రాత్‌బోన్, అగ్నిరాజ్యపు యువరాజు జూకోగా జెస్సీ మెకార్ట్నీ. నలుగురూ తెల్లవాళ్లే. నోవా రింగర్ అప్పటికి చిన్నపిల్లాడు, టెక్సాస్‌లో తైక్వాండో నేర్చుకుంటున్నాడు, అంతకుముందు ఏ సినిమాలోనూ వెయ్యలేదు. ఆ పిల్లాడి తప్పు ఇందులో వీసమెత్తు లేదు. ఎంపిక కోసం వేసిన పిలుపులోనే ముందు శ్వేతజాతివారు, ఆ తర్వాత ఇంకే జాతివారైనా సరే అన్న ధోరణిలో మాటలున్నాయి. తలుపు ఏ వైపు తెరిచి ఉందో చెప్పడానికి ఆ వరుసే చాలు. ఊళ్లోని జనంగా నిలబడటానికి మాత్రం రకరకాల ముఖాలు కావాల్సి వచ్చాయి. ఆ చిన్న వేషాల ఎంపికకి వచ్చేవాళ్లు తమ తమ దేశపు సంప్రదాయ దుస్తుల్లో రావాలని చెబుతూ, కొరియా వాళ్లయితే కిమోనో కట్టుకు రండి అన్నారు. కిమోనో జపాన్ వాళ్లది. కొరియా వాళ్లది హన్‌బోక్. తమ దేశాన్ని ముప్ఫై అయిదేళ్లు ఏలిన వాళ్ల బట్ట కట్టుకురమ్మని పిలిచామని కూడా వాళ్లకి తట్టలేదు.

అభిమానులు ఉత్తరాలు రాశారు. అమెరికాలో పుట్టిన చైనా కుటుంబపు బొమ్మల కథకుడు జీన్ లుయెన్ యాంగ్, ఈ సినిమాకి వెళ్లకండని ఒక బొమ్మల కథే గీశాడు. కథలో నీటిని, మట్టిని వంచే విద్యకి బెండింగ్ అని పేరు. మనుషుల జాతిని వంచారని చెప్పడానికి 'రేస్‌బెండింగ్' అనే మాట ఆ ఉద్యమం నుంచే పుట్టింది, ఇప్పుడు ఎక్కడ ఇలాంటిది జరిగినా ఆ మాటే వాడుతున్నారు. దూషణల కన్నా ఆ ఉత్తరాల్లో బతిమాలడమే ఎక్కువ. ఇది మేము పుట్టాక మాకు దొరికిన మొదటి కథ, దీన్ని మా నుంచి తీసుకోకండి అన్నదే వాళ్ల గోడు.

2009 ఫిబ్రవరిలో మెకార్ట్నీ తప్పుకున్నాడు. పాట కచేరీల పర్యటన ఉందన్నారు. ఆ చోట దేవ్ పటేల్ వచ్చాడు. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' ఆస్కార్లు కొల్లగొట్టిన నెల అది. ఆ వార్త వినగానే నేనూ సంబరపడ్డాను, ఒప్పుకుంటాను. మనవాడికి పెద్ద వేషం దొరికింది కదా అనుకున్నాను. ఆ వేషం ఏమిటో తర్వాత తట్టింది. యువరాజు గోధుమరంగు వాడయ్యాక అతని రాజ్యమంతా ఆ రంగే కావాలి. ఊళ్లు తగలబెట్టే సేనాని జావ్‌గా ముంబైలో పుట్టిన ఆసిఫ్ మాండ్వీ, అయిరోగా ఇరాన్‌లో పుట్టిన షాన్ టౌబ్, చక్రవర్తిగా న్యూజిలాండ్ మావోరీ నటుడు క్లిఫ్ కర్టిస్, యువరాణి అజూలాగా భారతీయ తండ్రికి పుట్టిన సమ్మర్ బిషిల్. లోకాన్ని కాపాడే ముగ్గురు పిల్లలూ తెల్లగా మిగిలారు. లోకాన్ని కాల్చేవాళ్లు మనమయ్యాం.

శ్యామలన్ దీన్ని సమర్థించుకున్నాడు. జపాన్ తరహా బొమ్మల్లో ముఖాలకి ఫలానా జాతి అని ఉండదని, ఇంతమంది రకరకాల జాతుల మనుషులతో ఇంత పెద్ద సినిమా ఇంతవరకు రాలేదని అన్నాడు. లెక్కపెడితే ఆ మాట నిజమే కావచ్చు. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది లెక్కలో రాదు. ఇంకొక సంగతి నన్ను ఎక్కువ బాధించింది. సీరియల్లో అమెరికా నోటికి తగ్గట్టు ఏంగ్ అని, ఎవటార్ అని పలికేవారు. ఆయన వాటిని ఆసియావాళ్లు పలికినట్టు పలికించాడు. ఆంగ్ అని, అవతార్ అని. మన మాట మనలాగే వినబడాలన్న పట్టింపు ఆయనకి లోపల ఎక్కడో ఉంది. శబ్దానికి ఇచ్చిన మర్యాద ముఖానికి ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

ఆయన్ని ఒక్కణ్ని నిలదీయడానికి నాకూ నోరు రాదు. నల్లపిల్ల కథ రాసుకుని తెల్లటి అమ్మాయిని తెచ్చి రంగు పూసి నిలబెట్టడం మన తెరకి కొత్తేమీ కాదు. నలుపు నాణ్యమని సామెత చెప్పుకుంటూనే నాయికని వెతకడానికి ముంబై వెళ్లే మనం, చెన్నైలో పుట్టినా ఫిలడెల్ఫియాలో పెరిగినా అదే కళ్లు మోసుకుపోతాం. చిన్నప్పటి నుంచి చూసిన పోస్టర్లన్నిటి మీదా హీరో ముఖం ఒకే రంగులో ఉంటే, కళ్లు మూసుకుని హీరోని తలుచుకున్నప్పుడు అదే ముఖం వస్తుంది. ఎవరో పైనుంచి ఒత్తిడి చేసి ఉంటే బాగుండునని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. నిజంగానే ఆయనకి ఆ ముఖాల్లో కటారా కనిపించిందంటే అది ఇంకా పెద్ద దుఃఖం.

సినిమా 2010 జులై 1న విడుదలైంది. హాలీవుడ్‌లో ఒక థియేటరు బయట అభిమానులు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. చూడటానికి రావాల్సినవాళ్లే వద్దని చెప్పడానికి వచ్చారు.

నేను చూశాను. రెండు దృశ్యాలు మరిచిపోలేను. మొదటిది మంచు ఊరు. గ్రీన్‌లాండ్‌లోని ఇలులిసాట్ దాకా వెళ్లి తీశారు. గుడారాల మధ్య నిలబడ్డ ఊరి జనానికి ధ్రువప్రాంతపు ముఖాలున్నాయి. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన అన్నాచెల్లెళ్లూ వాళ్ల నానమ్మా మాత్రం తెల్లవాళ్లు. కథ వాళ్లదే. ఊరివాళ్లు వెనక నిలబడి చూస్తుంటారు. వాళ్లలో జడ వేసుకున్న ఆడపిల్లలు కూడా ఉండే ఉంటారు.

రెండోది చెర. మూలకథలో మట్టి విద్య వచ్చినవాళ్లని సముద్రం మధ్య ఇనుముతో కట్టిన చెరలో పెడతారు. చుట్టూ నీళ్లు, కాళ్ల కింద ఇనుము, పిడికెడు మట్టి దొరకదు. తన వల్ల అక్కడికి చేరిన ఒక కుర్రాణ్ని విడిపించడానికి కటారా కావాలని అరెస్టయి లోపలికి వెళుతుంది. ఆమె మాట్లాడితే మొదట ఎవరూ కదలరు. ఓడిపోయి ఓడిపోయి అలిసిన ముఖాలు. ఆ తర్వాత ఎక్కడో అడుగునున్న బొగ్గు పైకి తెప్పిస్తే, బొగ్గూ మట్టే కదా అని తిరగబడతారు. సినిమాలో ఆ చెర నేల మీదే ఉంది. చుట్టూ గుట్టలు, కాళ్ల కింద ఎక్కడ చూసినా మట్టి. ఆసియా ముఖాలున్న మగవాళ్లు తల వంచుకుని కూర్చుని ఉంటారు. ఒక తెల్లపిల్లాడు వచ్చి, మీ కాళ్ల కిందే మట్టి ఉంది కదా, ఎందుకిలా ఉన్నారని అడిగాక గానీ వాళ్లకి గుర్తురాదు. ఇంత జనం ఇంతకాలం తమ కాళ్ల కింద మట్టిని చూసుకోలేదని ఆ దృశ్యం చెబుతోంది. రాసినాయనకి ఆ సంగతి వినబడలేదు. థియేటర్లో నాకు వినబడింది.

తర్వాతి సంగతులు చకచకా జరిగిపోయాయి. రాటెన్ టొమాటోస్ లెక్కలో మెచ్చుకున్న సమీక్షలు నూటికి ఐదు. రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకి అర నక్షత్రం ఇచ్చాడు. తీశాక త్రీడీలోకి మార్చినందువల్ల బొమ్మ మసకబారిందన్నారు. జేమ్స్ కామెరాన్ 'అవతార్' పేరుతో కలవకుండా ఆ మాటని పేరులోంచి ముందే తీసేశారు. మన మాట కూడా అలా పోయింది. ప్రపంచమంతా కలిపి దాదాపు 32 కోట్ల డాలర్లు వసూలు చేసింది, అయినా దాన్ని తమదని చెప్పుకునేవాళ్లు లేకపోయారు. మరుసటి ఏడు చెత్త సినిమాలకిచ్చే రాజీ బహుమతులు ఐదు వచ్చాయి, చెత్త చిత్రం, చెత్త దర్శకుడు కూడా వాటిలోవే. 2013లో 'ఆఫ్టర్ ఎర్త్' వచ్చినప్పుడు ఒకప్పుడు టికెట్లు తెగడానికి పోస్టరు నెత్తిన వేసిన ఆ పేరుని ప్రచారంలో కనబడకుండా అణిచిపెట్టారు. మాహే పిల్లాడి పేరు. తర్వాత ఆయన ఇల్లు తాకట్టు పెట్టి చిన్న సినిమాలు తీసుకుంటూ మళ్లీ లేచాడు, లేవాలనే నేనూ కోరుకున్నాను.

హాలీవుడ్ మాత్రం నేర్చుకోవడానికి తొందరపడలేదు. అంతకుముందే 2009లో 'డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్'లో జపాన్ బొమ్మల కథ హీరో గోకూగా తెల్లకుర్రాడు వచ్చాడు. ఆ తర్వాత కూడా, 2017లో అదే పారమౌంట్ 'ఘోస్ట్ ఇన్ ద షెల్' తీసి, జపాన్ కథానాయిక వేషం స్కార్లెట్ జొహాన్సన్‌కి ఇచ్చింది. అందులో కూతుర్ని పోగొట్టుకున్న జపాన్ తల్లి తలుపు తీస్తుంది. ఎదురుగా నిలబడ్డ తెల్లటి యంత్రదేహంలో ఉన్నది తన కూతురి మెదడే. ఆ కళ్లలోకి చూస్తూ తల్లి తడుముకుంటుంది. కథలో అది విషాదమని వాళ్లు రాసుకున్నారు, తమ సినిమాయే ఆ విషాదమని రాసుకోలేదు.

2024 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ ఆ కథని మళ్లీ తీసింది. కటారాగా మొహాక్ తెగకి చెందిన కియవెంటీయో, జూకోగా డాలస్ లియూ, అయిరోగా కొరియా సంతతి పాల్ సన్-హ్యుంగ్ లీ. ముఖాలు వాళ్ల ఇళ్లకి తిరిగి వచ్చాయి. అప్పటికే డిమార్టినో, కోనీట్జ్‌కో తమ మాట చెల్లడం లేదని 2020లోనే ఆ పని వదిలి వెళ్లిపోయారు. 2010లో ఎనిమిదేళ్ల పిల్లలు అప్పటికి ఇరవై రెండేళ్లవాళ్లు.

2010 సినిమా చివరి దృశ్యం ఇప్పటికీ అలాగే ఉంది. మూడు సినిమాలు తియ్యాలని వేసుకున్న పథకం అది. నీటి కథ అయిపోయింది, తర్వాత మట్టి కథ రావాలి. మట్టి రాజ్యం చైనాలా ఉండే రాజ్యం. అక్కడి ఊళ్లు, రాజులు, కళ్లు కనిపించకపోయినా కాళ్లతో లోకాన్ని చూసే తోఫ్ అనే చిన్నపిల్ల, వీళ్లందరి వేషాలు రెండో సినిమా కోసం దాచిపెట్టి ఉన్నాయి. దానికి దారి వెయ్యడానికి ఆఖర్న చక్రవర్తి తన కూతురు అజూలాని పిలిచి పని అప్పగిస్తాడు. అంతసేపూ కథలో దాదాపు కనబడని సమ్మర్ బిషిల్ అప్పుడు ముందుకొచ్చి నవ్వుతుంది, ఇప్పుడు తన వంతు అన్నట్టు. తెర నల్లబడుతుంది. రెండో సినిమా తియ్యలేదు.